పేరు పెట్టి పిలవని నాయనమ్మ

కిందటిసారి కథ ఆపినప్పుడు స్టీమరు దిగిన మనిషిని రేవులోనే వదిలేసి మీరూ నేనూ ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మా వైపు సెప్టెంబరు వాన సంగతి చెప్పక్కర్లేదు. తలమీది శాలువా తడిసి ముద్దయింది, చేతిలో మూట బరువెక్కింది. అయినా కదల్లేదు. ఎదురుగా నిలబడ్డ పదిహేనేళ్ల పిల్ల అప్పుడే తన పేరు చెప్పింది మరి.

"సున్నివ. సున్నివ బ్రెక్కే."

ఆ పిల్ల మా అమ్మ. స్టీమరు దిగిన ఆవిడ పేరూ సున్నివ బ్రెక్కేనే. మా తాతయ్య ఎల్లింగ్‌కి మొదటి భార్య. పద్దెనిమిదేళ్ల కిందట ఆవిడ అన్నగారు టిక్కెట్టు పంపితే తను ముందు అమెరికా వెళ్లింది. మంచాన పడ్డ తండ్రి సంగతి చూసుకుని వెనకాలే వస్తానన్న తాతయ్య రాలేదు. ఆవిడకి చదవడం వచ్చుగానీ రాయడం రాదు. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి కబురు రాయించింది, జవాబు లేదు. మిన్నెసోటాలో హోటలు వంటిళ్లలో గిన్నెలు తోముతూ, దుప్పట్లు ఉతుకుతూ, ఇవాళ వస్తాడు రేపు వస్తాడు అనుకుని అనుకుని, చివరికి అనుకోవడం కూడా మానేసింది. ఇప్పుడు వచ్చింది కాపురం చేద్దామని కాదు. ఎందుకు రాలేదని మొహంమీద ఒక్క మాట అడిగి, ఆ సమాధానంతో ఎక్కడో ఒకచోట కాస్త కూర్చుందామని.

"ఎవరి పేరు పెట్టారమ్మా నీకు?" అని అడిగింది ఆవిడ.

"మా నాన్న మొదటి పెళ్లాం పేరు. అమెరికా వెళ్లి అక్కడే జ్వరమొచ్చి చచ్చిపోయింది," అంది మా అమ్మ, వానలో ముక్కు తుడుచుకుంటూ.

మా లోయలో పద్ధతి అది. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్నవాడు, రెండో భార్యకి పుట్టిన మొదటి ఆడపిల్లకి పోయినావిడ పేరే పెట్టాలి. పోయినావిడకి అది మర్యాద. రెండో భార్య మూతి ముడిచినా, ముడవకపోయినా పెట్టాల్సిందే. బతికున్న మనిషిని తలచి మాత్రం పసిబిడ్డకి పేరు పెట్టరు. పెడితే ఆ మనిషి నూరేళ్లూ నిండాయని ఊరంతా చాటినట్టే. అందుకని ఆ పిల్ల పేరు చెప్పగానే ఆవిడకి మిగతాదంతా ఒకరు చెప్పకుండానే అర్థమైపోయింది. ఎల్లింగ్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చేసుకున్నది తను చచ్చిపోయాననుకుని. తనకి చర్చి గంట మోగించారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, మర్యాద చేశారు, మరిచిపోయారు. తను మాత్రం అక్కడ చచ్చినంత పనీ చేస్తూ బతికే ఉంది.

ఇంకొకరైతే అక్కడే కూలబడేవారు. ఆవిడకి ఆ ఓపిక కూడా లేకపోయింది. కూలబడితే మళ్లీ లేవాలి కదా అనుకుందట.

"అమెరికా నుంచి కదూ? మూటమీద ఓడ చీటీ ఉంది. మీరెవరింటికండీ? దారి చూపిస్తాను," అంటూ మా అమ్మ మూట లాక్కుంది.

"బ్రెక్కేకే," అంది ఆవిడ. మా వైపు ఇంటిపేరే పొలం పేరు కూడా. మరేం చెప్పాలో తోచలేదు.

"మా ఇంటికా! అయితే మీకు మా మేనత్త తెలుసా? నాన్న చెల్లెలు. ఆవిడ పేరూ సున్నివే. మా ఇంట్లో ఇద్దరు సున్నివలు ఉండేవాళ్లట, ఒకరు కూతురు, ఒకరు కోడలు. అత్త ముందే వెళ్లింది అమెరికా. ఎక్కడో పడమటికి పోయిందట, కబురే లేదు. అక్కణ్ణుంచి ఎవరొచ్చినా నేను అడుగుతాను."

"అమెరికా పెద్ద దేశమమ్మా," అంది ఆవిడ. ఆడపడుచుని అక్కడ ఒకే ఒక్కసారి చూసింది, మొదటి ఏడాది, కలప మిల్లుల ఊళ్లో. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో ఆవిడకీ తెలియదు.

కొండదారి ఎక్కుతున్నంతసేపూ మా అమ్మ నోరు మూయలేదు. ఆ వయసులో నేనూ అంతే, మూసినవాళ్లని చూపించండి. ఈ ఆదివారం చర్చిలో పెద్దలముందు నిలబడుతోంది. పాస్టరుగారు ప్రశ్నలడిగి, జవాబులు సరిగా వస్తే, పలానా తండ్రికీ పలానా తల్లికీ ధర్మంగా పుట్టిన బిడ్డ అని పేరు చదివి ఆశీర్వదిస్తాడు. ఆ తర్వాతే పిల్ల పెద్దదైనట్టు లెక్క. కొత్త గౌను కుట్టారు. గౌను మంచిదేగాని మెడ దగ్గర గీసుకుంటోంది. ప్రశ్నలన్నీ వచ్చు, వ్యభిచరించకూడదనే ఆరో ఆజ్ఞ దగ్గర మాత్రం నవ్వొస్తుంది.

"మా నాయనమ్మ చర్చికి రానంటోంది," అంది మా అమ్మ. "చిత్రమైన మనిషిలెండి. కళ్లు కనపడవు, ఆ పని కూడా నోరే చేస్తుంది. నేను పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు తెలుసా? పిల్లా అంటుంది, పొట్టీ అంటుంది, కోపమొస్తే దయ్యమా అంటుంది. సున్నివా అని మాత్రం అనదు. అమ్మ ఎంత పోట్లాడినా అనదు."

మా అమ్మకి అది ముచ్చట. ఆవిడ మాత్రం దారి మధ్యలో ఆగిపోయింది. బతికున్నవాళ్ల పేరు బిడ్డకి పెట్టకూడదని అత్తగారికి, అంటే ఆ నాయనమ్మకి, తెలుసు. పెట్టిన పేరు నోటితో అనడం లేదంటే, అత్తకి తను బతికున్న సంగతి తెలుసన్నమాట. మొదట్నుంచీ తెలుసన్నమాట. పద్దెనిమిదేళ్లుగా మొగుణ్ణి తిట్టుకుంటూ వచ్చింది. తిట్టాల్సిన మనిషి ఇక్కడుందని ఈ పసిపిల్ల చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మమ్మా తాతయ్యా పైచేలో దుంపలు తవ్వుతున్నారట. మా అమ్మ ఆవిణ్ణి పెద్దింట్లోకి కాక పక్కనున్న చిన్నింట్లోకి తీసుకెళ్లింది. పొలం కొడుకు చేతికిచ్చేశాక ముసలివాళ్లు ఉండే ఇల్లు అది. తాతయ్య తల్లి, మా తాతమ్మ గూరో మంచంమీద గోడకానుకుని కూర్చుని, ఊలు వడుకుతోంది.

"నాయనమ్మా, అమెరికా నుంచి ఎవరో వచ్చారు."

"కాళ్లు తుడుచుకోమను," అంది తాతమ్మ.

ఆవిడ కాళ్లు తుడుచుకుంది. నాలుగడుగులు వేసింది. తాతమ్మ వేళ్లలో దారం ఆగింది.

"పిల్లా, పెద్దింట్లోకెళ్లి కాఫీ కాచుకురా. గింజలు కొత్తగా వేయించు. పాతవి వద్దు."

"పాతవి బాగానే..."

"వేయించమన్నానా?"

గింజలు వేయించి, దంచి, కాచి తేవాలంటే కాసేపు పడుతుంది. మా అమ్మ గొణుక్కుంటూ వెళ్లింది. అందుకే ఇక్కడ జరిగింది అమ్మ వినలేదు. ఆవిడే అమ్మకి చెప్పింది. ఎప్పుడు, ఎందుకు చెప్పిందో ఇప్పుడే అడగకండి.

"కూర్చో," అంది తాతమ్మ తలుపు చప్పుడయ్యాక. "సముద్రం ఒడ్డు పిల్లలంతా అలాగే నడుస్తారు. పడవలో నడిచినట్టు. నీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టేది."

"ఎవరనుకుంటున్నావు అత్తా నన్ను?"

"కళ్లే పోయాయి. బుద్ధి ఉంది."

గదిలో మంచం కాక మిగిలింది ఒక పెద్ద చెక్కపెట్టె. ఆవిడ దానిమీద కూర్చుంది. ఒళ్లంతా వాన, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పోట్లాడాలని దారంతా ఎన్నో మాటలు పేర్చుకుంది. తీరా కూర్చున్నాక అవి పేర్చిన వరసలోంచి జారిపోయాయి.

"నేను బతికే ఉన్నానని నీకు తెలుసు," అంది. "మనవరాలి పేరు నోటితో అనడంలేదట. బతికున్నదాని పేరు ఎందుకు అనడం, పాపం చుట్టుకుంటుందనేగా? ఆ మాత్రం భయం ఉన్నదానివి నన్నెందుకు చంపావు అత్తా?"

తాతమ్మ ఆగిన దారాన్ని మళ్లీ లాగింది.

"నీకోసమనుకున్నావా?" అంది. "నీ పేరని మానేశాననుకున్నావా? నీ పేరైతే రోజుకి పదిసార్లు అనేదాన్ని. నిన్ను తిట్టడం నాకెప్పుడూ కష్టం కాలేదు."

"మరి?"

"అది నా కూతురి పేరు."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. తాతమ్మ వడికే కడ్డీ పక్కన పెట్టింది. ఆ చేతులు ఊరికే ఉండటం తను ఎన్నడూ చూడలేదని ఆవిడ అమ్మతో అందట.

"నువ్వెళ్లిన రెండో చలికాలం. మగాళ్లంతా చేపల వేటకి ఉత్తరానికి పోయారు, ఎల్లింగ్ కూడా. పక్క లోయవాడొకడు అమెరికా నుంచి తిరిగొచ్చి, దారిలో ఇక్కడ దిగాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. సున్నివ బ్రెక్కే పోయిందమ్మా అన్నాడు. విషజ్వరమట. ఏ సున్నివ నాయనా అన్నాను, ఈ ఇంటివాళ్లు ఇద్దరున్నారు అక్కడ. అది నాకు తెలీదమ్మా, నేను మొహం చూడలేదు, పక్క గదిలో ఉండేవాణ్ణి, గొంతే విన్నాను అన్నాడు. మూడు రాత్రులు ఆవుల్ని పిలుస్తూనే ఉందట. వేసవిలో కొండమీద కొట్టం దగ్గర పిల్లలు పిలుస్తారు చూడు, ఆ పిలుపు. పేర్లు కూడా చెప్పాడు. చుక్కదీ, రాణీ, మెల్లకన్నుదీ."

ఆవిడ కళ్లు మూసుకుంది. తను చేపలవాళ్ల పిల్ల. పెళ్లయి ఉన్న రెండేళ్లలో కొండమీదికి ఒక్క వేసవీ వెళ్లలేదు. ఆ పిలుపు తనకి రాదు, ఆడపడుచుకే వచ్చు.

"వాడు చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది," అంది తాతమ్మ. "నా బిడ్డ అక్కడ ఎవరూ లేకుండా, నా ఆవుల్ని పిలుచుకుంటూ పోయింది. నేను కూలబడి ఏడవాలి కదా? ఏడవబోతూ ఎదురుగా ఆ పెట్టె చూశాను."

"ఏ పెట్టె?"

"నువ్వు కూర్చున్నది."

ఆవిడ లేచి చూసింది. పెట్టె ముందువైపు ఎర్రరంగు, అంచుల చుట్టూ పూలు. మధ్యలో అక్షరాలు సగం చెరిగిపోయినా చదవడానికి వచ్చాయి. ఎల్లింగ్ బ్రెక్కే, ఉత్తర అమెరికా.

"నువ్వెళ్లిన నెలకే రంగులు వేయించాడు," అంది తాతమ్మ. "కొత్త చొక్కాలు రెండు సర్దుకున్నాడు. రోజూ ఒకసారి మూత తీసి చూసుకునేవాడు. పెద్దకొడుకులిద్దర్నీ సముద్రం తీసుకుంది. మిగిలింది వీడొక్కడు. మంచంలో ఆయన, కొట్టంలో పశువులు, కొండవార చేను. వేటనుంచి రాగానే బయల్దేరుతాడని తెలుసు. నువ్వు లేకపోతే వెళ్లడు. అప్పుడే ఊళ్లోవాళ్లు వచ్చారు. ఎవరు పోయారు గూరో అన్నారు. కోడలు అన్నాను."

ఎందుకు రాలేదని అడగడానికి ఆవిడ సముద్రం దాటి వచ్చింది. రావాలనే అనుకున్నాడు. చొక్కాలు కూడా సర్దుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా మోసిన కోపం ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. దాని స్థానంలో ఏం పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

"నేను రాయించి పంపినవి?"

"పొయ్యిలో." తాతమ్మ అబద్ధం ఆడే ప్రయత్నం కూడా చేయలేదు. "ఒకసారి మొదలుపెట్టాక ఆపడం ఎక్కడ? వాడికి బ్రీతాని నేనే చూసి పెళ్లి చేశాను. మంచి పిల్ల. నీకంటే బాగా పాలు పితుకుతుంది."

"సంతోషం."

"బిడ్డ పుట్టింది. వాడు పద్ధతి ప్రకారం నీ పేరు పెట్టాడు. వద్దని ఏ నోటితో అనను? అయినా పేరు తప్పు కాదులే. చచ్చినదాని పేరే పెట్టారు. ఎవరు చచ్చారో నాకొక్కదానికే తెలుసు. నా కూతురికి చర్చిలో గంట మోగలేదు. నల్లబట్ట కట్టుకోలేదు నేను. కూతురు ఎలా ఉంది గూరో అని అడిగితే, బాగుందట, పడమటికి పోయిందట అని నవ్వుతూ చెప్పాను. ఆ పేరు అనబోతే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పిల్లా అంటే పడదు."

ఆవిడ మళ్లీ పెట్టెమీద కూర్చుంది. కోప్పడాలి. కేకలు వేయాలి. ఈ ముసలిదాని మెడ పట్టుకుని ఊరి మధ్యకి ఈడ్చుకెళ్లాలి. అంత న్యాయం తన పక్క ఉండి కూడా చెయ్యెత్తే సత్తువ లేకపోవడమేమిటని ఆవిడకి తనమీదే విసుగేసింది. గిన్నెలు తోమిన చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"నీ కొడుకుని నువ్వు ఉంచుకున్నావు," అంది మెల్లగా. "దానికి నా బతుకు ఖర్చుపెట్టావు. నీ కూతురి చావు కూడా ఖర్చుపెట్టావు. గొప్పదానివి అత్తా."

"తిట్టు. హక్కుంది."

"తిట్టడానికి కూడా ఓపిక లేదు."

"ఆదివారం పిల్ల చర్చిలో నిలబడుతోంది," అంది తాతమ్మ. "నువ్వు నోరు విప్పితే బ్రీతా పెళ్లాం కాదు. పిల్లలు నలుగురూ తండ్రి లేనివాళ్లు. పాస్టరుగారు ఆ పేరు చదవడు."

"విప్పొద్దని అడుగుతున్నావా నన్ను?"

"అడగడానికి నాకు మొహమెక్కడిది?"

"నీకు మొహం లేకపోతే నాకేముంది? బతికి ఉన్నట్టు ఈ ఊళ్లో ఒక్కరికి కూడా తెలీదు. ఆ ఒక్క మాటేగా నాకు మిగిలింది, నేను బతికున్నానని. అది కూడా నీ కాళ్ల దగ్గర పెట్టి పొమ్మంటావా?"

తాతమ్మ వడికే కడ్డీకోసం మంచంమీద తడుముకుంది.

బయట బురద బూట్లు దులుపుకుంటున్న చప్పుడైంది. మా అమ్మ కాఫీ చెంబు పట్టుకుని ముందు దూరింది. వెనకాల చేతులనిండా మట్టితో మా అమ్మమ్మ బ్రీతా వచ్చింది. ఆమె వెనక తల వంచుకుని తాతయ్య లోపలికొచ్చాడు. మా చిన్నింటి గుమ్మం పొట్టిది, ఎంతటివాడైనా వంగే రావాలి.

"ఎవరో అమెరికా నుంచి వచ్చారని పిల్ల అంటోంది," అన్నాడు, ఇంకా తల ఎత్తకుండానే.

ఆవిడ నోరు తెరిచింది. అమ్మతో ప్రమాణం చేసి చెప్పిందట, ఏమనబోయిందో తనకే తెలియదని. ఈలోగా మంచంమీంచి తాతమ్మ గొంతు లేచింది.

"సున్నివ."

"ఆఁ, నాయనమ్మా?" అంది మా అమ్మ ఉలిక్కిపడి. పుట్టి బుద్ధెరిగాక ఆ నోటివెంట ఆ మాట వినడం అదే మొదటిసారి.

"నువ్వు కాదు. నా కూతురు సున్నివ. పడమటినుంచి తిరిగొచ్చింది. చూడరా ఎల్లింగ్, నీ చెల్లెలు."

తాతయ్య తలెత్తాడు.

పద్దెనిమిదేళ్లు మనిషిని మారుస్తాయి, ఒప్పుకుంటాను. ఆవిరీ, వేడినీళ్లూ, సబ్బూ ఇంకా ఎక్కువ మారుస్తాయి. కానీ కట్టుకున్నవాణ్ణి మోసం చేసేంత మార్చవు. తాతయ్య ఆవిడ మొహం చూశాడు, చేతులు చూశాడు, మళ్లీ మొహం చూశాడు. నెమ్మదిగా టోపీ తీశాడు. చెల్లెలొస్తే మా వైపు ఏ అన్నా టోపీ తీయడు. గుర్తుపట్టాడు. ఆవిడ కూడా చూసింది గుర్తుపట్టాడని.

మా అమ్మమ్మ మట్టిచేతులు లంగాకి తుడుచుకుంటూ నవ్వుమొహంతో నిలబడింది, పాపం, ఏమీ ఎరక్క. మా అమ్మ ఒకరి మొహంలోంచి ఒకరి మొహంలోకి చూస్తోంది. తాతయ్య ఒకసారి కూతురి వంక చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

"బ్రీతా," అన్నాడు, "భోజనానికి ఇంకో పళ్లెం పెట్టు. మా చెల్లెలొచ్చింది."

అప్పుడు పోగొట్టుకున్నాడంటే తెలియక. ఇప్పుడు కళ్లారా చూస్తూ వదిలేశాడు. అమెరికాలో గడిచిన ఏళ్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు అందట ఆవిడ.

"అత్తా!" అని మా అమ్మ కాఫీ చెంబు నేలమీద పెట్టి, ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వేనా? దారంతా అడిగితే చెప్పవేం? ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చోవాలి నువ్వు, తెలిసిందా?"

ఆవిడ ఆ చేతుల్ని విడిపించుకోలేదు. తడిసిన ఆ తలమీద చెయ్యి వేసింది. వేసి, దానిమీదుగా తాతయ్య వీపు వైపు చూసింది. అలసటంతా ఎటు పోయిందో తెలియదు, గొంతు గదిలో ఖంగున పలికింది.

"ఇటు తిరుగు ఎల్లింగ్. నేను నీకేమవుతానో, పిల్ల ముందర, నా మొహం చూసి ఇంకొక్కసారి చెప్పు."